సాక్షి దిబ్బ

నీళ్లు కాగినయి గాని
ఛాతీ తడవొద్దని చెప్పి పంపిన్రు.
మొగులమ్మ తడిబట్టతోని మెడ తుడుస్తది,
ఊదారంగు గీతల కాడికొచ్చి ఆగుతది,
పరాయోళ్ల గెట్టు కాడ ఆగినట్టు.

రెండేండ్ల కింద ఇదే కత.
మెతుకు దిగే తొవ్వల గడ్డ.
ఇరవై ఎనిమిది దినాలు కరెంటు పెట్టిన్రు, పోయిందన్నరు.
కోస్గి అంగట్ల మటన్ తెచ్చి వండుకున్నం.
ఈ యేడు మల్ల
జొన్న గటక గూడ రొమ్మెముక ఎనక నిలబడి
పోనా, వద్దా అంటున్నది.

పట్నంల సారు పాత కాయితాలు అడిగిండు.
పాత పటం మీద కొత్త పటం పరిచి లెక్క తీసిండు:
వెన్నునరం అప్పుడే తన వంతు తినేసింది,
దానికింక మిగిలింది చిటికెడు.
గుండెకు కొంచెం. ఎడమ ఊపిరితిత్తి సంగతి చూడాలె.
"తాతా, నీ ఒంట్ల కాల్చేటందుకు జాగ తక్కువున్నది."
కొడుకు మొకం తిప్పుకున్నడు.
నాకైతే మనిషి నచ్చిండు.
కొలవకుండ గడ్డపార లేపే మేస్త్రి కాదు.

నలభై ఏండ్లు మట్టి తవ్విన.
కాల్వలు, షోలాపూర్ తొవ్వ, బొంబాయిల పునాదులు.
గుంత నడుమ ఒక దిబ్బ ముట్టకుండ ఇడుస్తం,
దాని నెత్తిన గడ్డి గడ్డిలెక్కనే ఉంటది.
ఎంత లోతు దిగినమో అదే సాక్ష్యం.
అది కూలిందా, కూలి పోయినట్టే.

కంప్యూటర్ల నా వెన్ను తెల్లగ నిలబడ్డది,
చుట్టూ రంగురంగుల గీతలు.
"దీన్ని తప్పించి పోవాలె" అని సారు వేలు పెట్టిండు.
నాకు చెప్పాల్నా?

ఫర్హీన్ అనే పిల్ల ఒక సంచి మీద పండబెట్టింది.
చేతులు నెత్తి మీదికి.
గాలి గుంజంగనే సంచి బిర్రుగైంది.
సూదితోని మూడు చుక్కలు పొడిచింది, నువ్వుగింజలంత.
పాతవి మూడు పక్కనే ఉన్నయి,
మా అవ్వ చెంప మీది పచ్చబొట్టు తీరుగ మాసి.
నేను లేసినంక
సంచిల నా అంత గుంత మిగిలింది.
పిల్ల దాని మీద నా పేరు రాసి అలమరల పెట్టింది.
ఎన్ని తవ్విన, నా కొలతకు ఇదే మొదటిది.

లెక్కకు వారం పడ్తదట.
మెతుకు దిగొచ్చు అన్నడు సారు,
అంతకు మించి మాటియ్యలేదు.

మొగులమ్మ బట్ట పిండి దండెం మీద ఏసింది.
గిన్నెల గటక, పల్చగ, మజ్జిగ పోసి.
ఒక గుక్క.
ఇద్దరం ఆగినం.
ఆమె నా గొంతు దిక్కే చూస్తున్నది,
బాయిల ఏసిన బొక్కెన చప్పుడుకు చెవొగ్గినట్టు.

దిగింది.

ఇంకో గుక్క పొయ్యే, అన్న.