టూరిస్టు ధర

ఓష్ బజారు వెనక సందులో
తెల్లారకముందే తందూరు రాజుకుంది.
రొట్టెల సాల్కిన్ నా సైకిలు వంక వంగి చూసి
"బురులాయ్ ఎజే, దీని మీదింకా ఆ డచ్చాయన పేరే ఉందే" అంది.
ఉంది. ఫ్రేము మీద నల్లటి స్టిక్కరు: యుర్రియాన్.
గోకితే రంగు కూడా లేచొస్తుందని వదిలేశాను.
పోయినేడు ఎక్కడో కొండ సగంలో మనసు విరిగి
వెనక్కొచ్చి, దీన్ని నాకమ్మి విమానమెక్కాడు.
నేనేమో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పటం చూపిస్తూ
బెత్తం చివరతో ఈ దారి నడిచినదాన్ని.
బెత్తానికి ఎత్తు తెలియదు.

ఎడమ సంచిలో డేరా.
కుడి సంచిలో కిలోన్నర బంగాళాదుంపలు.
వెనక సంచి నిండా మా చెల్లెలి భయాలు:
అయోడిన్, కత్తి, జూన్ నెలలో ఉన్ని మేజోళ్లు,
కుక్కలకొక ఈల, మనుషులకు మరొకటి.

పదో కిలోమీటరు దాకా దేశమంతా నాదే.
పదిహేనులో గొలుసు నాతో మాట్లాడ్డం మొదలెట్టింది.
ఇరవైలో పిల్లలు రోడ్డు మీదికి ఉరికొచ్చి
"హలో టూరిస్ట్! హలో! హలో!"
మా భాషలోనే కసిరాను, బడికెందుకు పోలేదర్రా అని.
"సెలవులు కదా" అన్నాడొకడు, చెయ్యి చాచిన వాడు చాచినట్టే.
పంతులమ్మ పట్టుబడింది.

ఆ తర్వాత ఎత్తు.
పటంలో అది గోధుమరంగు, చిటికెనవేలి మందం.
ఇక్కడ ఒక మలుపు, దాని వెనక మలుపు,
ఆ వెనక బొగ్గులారీ వదిలిపోయిన నల్లటి దగ్గు.
గేర్లు అయిపోయాయి,
తొడలింకా ఏదో బేరమాడుతున్నాయి.
దిగి తోశాను.
తోసేటప్పుడు సైకిలు సైకిలు కాదు,
సంతకు రానని మొరాయించే గాడిద.

గొర్రెల మంద ఎదురొచ్చింది.
నాలుగొందల వీపులు నా చుట్టూ పారి
నన్నొక రాయిని చేసి దాటిపోయాయి.
వెనక గుర్రం మీద కుర్రాడు, కమిలిన బుగ్గలు,
జేబులో పాడుతున్న ఫోను.
"ఎందాకా?"
"ఖొరోగ్."
అతను నవ్వలేదు.
నవ్వుంటే బాగుండేది.

ముప్పై ఎనిమిది దగ్గర ఓ ముసలమ్మ
సీసాలు వాగు నీళ్లలో దించి కుమిస్ అమ్ముతోంది.
నా హెల్మెట్టూ నల్లకళ్లద్దాలూ చూసి
వేళ్లతో లెక్క చూపించింది: నూటయాభై.
"అవ్వా, అరవై కదా!"
ఉలిక్కిపడింది. "మనమ్మాయివా!
ఇంట్లో ఎవరూ లేరా, ఇలా పడి తిరుగుతున్నావు?"
"ఉన్నారు. అందుకే."
ఉన్న ఒక్క పన్ను మీద
నవ్వంతా ఆనించి నవ్వింది.
పులిసిన గుర్రంపాలు పొగవాసనతో గొంతు దిగాయి.
చిల్లర లేదంది. బంగాళాదుంపలూ తనే తీసుకుంది,
కొండెక్కేదానికి బరువెందుకని.
చివరికి టూరిస్టు ధరే పడింది.

గుల్చా చేరాలనుకున్నాను, ఎనభై.
నలభై మూడులో మోకాలు నోటీసిచ్చింది.
కనుమ ఇంకా పైనే ఉంది,
దాని మీదొక మబ్బు, అద్దెకు దిగినట్టు.
వాగు పక్కన డేరా వేశాను.
ఒక మేకు రాయికి తగిలి వంకరపోయింది.
చీకటి పడేసరికి వేళ్లు కొయ్యబారి
ఉన్ని మేజోళ్లు తొడుక్కున్నాను.
చెల్లెలు గెలిచింది.

టార్చి వెలుగులో ఆ స్టిక్కరు.
యుర్రియాన్, నువ్వాగిపోయింది ఏ మలుపు దగ్గర?
ధర చెప్పావు, బ్రేకు సంగతి చెప్పావు,
అది మాత్రం చెప్పలేదు.
రేపో ఎల్లుండో దాన్ని దాటేస్తానేమో,
దాటినట్టు తెలియకుండానే.

చెల్లెలికి మెసేజ్ పెట్టాను:
"బాగున్నాను. ఎనభై తొక్కాను."
సిగ్నల్ లేదు.
అబద్ధం ఫోనులోనే గిరగిరా తిరుగుతోంది.
తిరగనీ.
గుల్చాలో సిగ్నల్ దొరికేసరికి
అది నిజమైపోతుంది.