గెడ్డకి అవతలే

ఆగు తవుడూ, అక్కడే ఆగు. గెడ్డ దాటకు.
మూడు రాత్రులు ఆండ్ర కొండల్లో తిరిగొచ్చినావు,
నీ ఒంటిమీద ఏటేటి ఎక్కొచ్చినాయో
నీకేటి తెలుసు?

ముందు జోడు ఇప్పు.
పుల్లతో గీరు, అట్ట సందుల్లో బురద ఊడేదాకా గీరు.
ఆ బురదలో అడివిపంది నడిసింది.
నువ్వు కొట్టిన పందో,
ఏ పొదలోనో దానంతటది సచ్చిపడ్డ పందో,
బురదకి తేడా తెలీదు.

వల పరుసు. ముడి ముడికీ సూడు.
ఉత్తరేణి గింజలు ఏరి మంటలో ఎయ్యి,
ఇక్కడ రాలితే వచ్చే ఏటికి మన పెరడే అడివి.
నెత్తురంటిన కాడ సన్నీళ్ళే పొయ్యి.
ఏన్నీళ్ళు పోస్తే అది దారంలోనే కాపురం పెడతాది,
దాని ఎనకాల చీమ, చీమ ఎనకాల ఎలక,
ఎలక కొరికిన కన్నంలోంచి
నీ కుందేలు నవ్వుకుంటా ఎల్లిపోతాది.

గెడ్డలో మాత్రం కడక్కు.
కింద గేదెలు తాగుతాయి.
బాల్చీ ఎట్టాను ఆ రాయి పక్కన, బ్లీచింగు కలిపి.
అయ్యాక గోతిలో పారబొయ్యి.

చెవి ఎనకాల తడుముకో. మొలతాడు కింద.
పిడుదుని గోటితో లాగీకు, తల లోపలుండిపోతాది.
కుక్క కాలివేళ్ళ సందులు కూడా.
దానికి సెప్పుకోడానికి నోరు లేదు.

నవ్వు, నవ్వు.
పోయిన ఆషాడంలో నువ్వు ఊళ్ళో లేవు.
నల్లపిల్ల ముందు కుడితి మానీసింది.
సాయంత్రానికి చెవులు నేరేడుపండు రంగు తిరిగాయి.
నాలుగో రోజుకి పదకొండూ పోనాయి.
గజపతినగరం నుంచి పశువుల డాక్టరుబాబు వచ్చి
సున్నం జల్లించి పూడ్పించాడు.
కలం తీసి అడిగాడు,
“మీ ఇంట్లో ఎవరైనా అడివికి ఎళ్ళొచ్చారా?”

అందరూ కొండ వేపు సూసారు.
నాను గుమ్మం పక్కన నీ జోడు వేపు సూసాను.
ఆరి, పగిలి,
ఏమీ ఎరగనట్టు పడున్నాయి.

“లేదు బాబూ” అన్నాను.

పక్క వీధి బంగారికి కూడా తొమ్మిది పోనాయి.
ఆ మనిసి నాకాడికొచ్చి ఏడిస్తే
ఈపు నిమిరాను, ఈ సేత్తోనే.

ఇప్పుడు రెండు కూనలున్నాయి, సంఘం అప్పు మీద తెచ్చినాను.
ఒకదానికి చెవి మీద తెల్ల మచ్చ.
తెల్లారి లేవగానే ముందు ఆ చెవులే సూస్తాను,
రంగు మారిందా అని.

అదిగో, లుంగీ ఇసురుతున్నాను, పట్టుకో.
ఆ బట్టలు నానబెట్టీ.
వల ఎండకి తిరగెయ్యి, రెండో వేపు కూడా.
కూర సల్లారితే మళ్ళీ ఏడి సేస్తాలే.

జోడు ఆరేదాకా నువ్వు ఆ ఒడ్డున కూకో.
నాను ఈ ఒడ్డున కూకుంటాను.
బంగారికి ఏటి సెప్పాలో
ఇద్దరం ఆలోసిద్దాం.