కల్లివెల్లి పుస్తకాలు

మనామాల మా లాండ్రీ షట్టర్ మీద
తెల్ల పెయింటుతోని రాసుంటది: ప్రెస్.
చుట్టీకి పోయినప్పుడు జగిత్యాలల
అచ్చాఫీసు బోర్డు మీద గూడ అదే మాట చూసి
నవ్వుకున్న.
రెండు జాగల్ల వేడి, బరువు,
నడుమ నలిగేది ఒకటి.

మొదటి పుస్తకం బిల్లు కాయితాల వెనుక పుట్టింది.
కొత్తగ దిగిన పోరగాండ్లు
ముదీరు మాటకు బిత్తరపోయి నిలబడుతుంటే
అరబ్బీ మాటలు తెలుగుల రాసిచ్చిన.
ముప్పైరెండు పేజీలు, పిన్ను కొట్టుడు గూడ నేనే.
"బుక్రా అంటే రేపు.
జీతం ఎక్కువ దినాలు ఈ మాటల్నే ఉంటది"
అని మూడో పేజీల ఉన్నది.
జిరాక్సు తీసిన మలబారీ కుంజుమోన్
పైసలు తీసుకోలే.

రెండోది హ్యాంగర్ మీద దొరికింది.
టోకెన్ నాలుగు వందల పదిహేడు.
తెల్ల తోబు, కుడిచేతి కఫ్ మీద సిరా మరక,
జేబుల ఒక తాళంచెవి.
ఎనిమిది నెలలాయె, ఎవ్వలు రాలే.
మనిషి లేని బట్ట ఎంతసేపని ఊకుంటది?
పైమంచంల గురక, కింద ఏసీ నీళ్ళ బకెట్టు,
పన్నెండు దాటినంక
తోబు మనిషిని నేనే చంపిన.
నూటా అరవై పేజీలల్ల
హంతకున్ని పట్టిచ్చిన.

మూడోది పొడుపుకథలు.
ఎందుకంటే చెప్పలేను,
జ్వరమొచ్చి పన్నప్పుడు అవే వచ్చినయి.
తాగేది నీళ్ళు, కక్కేది ఆవిరి,
నడిచినకాడల్ల ముడతలు మాయం.
జవాబు చేతుల్నే ఉన్నది.

హైదరాబాదుల ఒక ప్రచురణాయన ఫోన్ల అన్నడు:
"నాంపెల్లి గారూ, మీరు టీచరా, డిటెక్టివా?
ఒక్క అల్మారల పట్టేటట్టు రాయండి."
ఏం జెప్పాలె?
నా దుకాణంల పోలీసు అంగీ, వంటోని ఏప్రన్, పెండ్లి కోటు
ఒకటే రాడ్డుకు ఏలాడుతయి.
ఏ గిరాకీ నన్నడగలే
నువ్వు ఏ తీరు ఇస్త్రీవోనివని.

రెండేండ్ల ఓవర్‌టైము పైసలు జగిత్యాలకు పంపిన.
ప్రూఫులు వాట్సాపుల,
పదకొండు జాగల్ల "ళ" పోయి "ల" పడ్డది.
పుస్తకాలు చుట్టీ నుంచి మర్లినోల్ల పెట్టెలల్ల వచ్చినయి,
సకినాలకు, తొక్కుకు పోంగ మిగిలిన తూకంల,
ఒకలతోని నాలుగు, ఒకలతోని ఆరు.
మామిడి తొక్కు నూనె అంటి
హంతకుని పేరు ముందు పేజీలకే కనవడ్డది.

మా గదిల దుబ్బరాజం కల్లివెల్లి.
పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, చేతుల బతాకా లేదు.
నా మూడు పుస్తకాలు అసొంటియే,
నంబరు లేదు, దుకాణం లేదు,
గది నుంచి గదికి రాత్రిపూట తిరుగుతయి.
నాలుగోది కవిత్వం.
దానికి మాత్రం దరఖాస్తు పెట్టి
పదమూడంకెల నంబరు తెచ్చిన.
వెనుక అట్టమీది నల్లగీతల మీద
దుబ్బరాజం వేలు పెట్టి తడిమిండు.
"దీనికొచ్చిందా బతాకా" అన్నడు.
నేను లైటు బందు చేసిన.

బతాకా ఉన్నది పందొమ్మిది కాపీలు పోయింది.
లేనియి సిత్రా దాక, ముహర్రక్ దాక
అట్టలూడి గూడ నడుస్తున్నయి.

మొన్న శుక్రారం ఒకాయన వచ్చి
మెత్తబడ్డ కాయితం ముక్క కౌంటర్ మీద పెట్టిండు.
నాలుగు వందల పదిహేడు.
నేను చంపినోడు
దగ్గుతున్నడు, చెమట తుడుసుకుంటున్నడు.
"ఐదేండ్లు లేను" అన్నడు.
ఎక్కడికి పోయిండో చెప్పలే, నేను అడగలే.
తోబు మల్ల తడిపి మల్ల ఇస్త్రీ చేసిన,
కాలర్ దగ్గర కొంచెం ఎక్కువసేపు.
మూడు వందల ఫిల్సులిచ్చి పోయిండు.

కఫ్ మీది మరక పోలే.
దానికి నేను రాసిన కారణం ఒకటి,
ఆయనకు తెలిసింది ఒకటి.
హ్యాంగర్ ఇంకా ఊగుతున్నది.
"మల్ల అచ్చేస్తే ఆయనను బతికిస్తవా?"
దుబ్బరాజం అడుగుతున్నడు.
బిల్లు బుక్కు తిరగేసి
వెనుక పక్క తీసిన.