రాతిదుమ్ము లెక్క

ఆరు కోర్లా, ఎనిమిదా?
ఒంగోలు కర్నూలు రోడ్డు కొట్లో
జిలానీ రెండు డబ్బాలు ముందు పెట్టి
నా మొహం చూస్తున్నాడు.

తేడా ఆరు వేలు.
అంటే చీమకుర్తి కోత షెడ్డులో
నావి పన్నెండు రోజులు.

ఎనిమిదొద్దులే అన్నా,
ఆ డబ్బుకి మంచి పవర్ సప్లై ఇవ్వు.
మా వీధిలో కరెంటు
తాగొచ్చిన మనిషిలా తూలుతుంది.
క్యాబినెట్‌కి జల్లెడ ఉండాలి, బాగా సన్నది.
మా ఇంట్లో అన్నం మీద కూడా రాతిపొడే.

రాత్రి దుప్పటి పరిచి
ప్రాసెసర్ విప్పాను.
అగ్గిపెట్టంత కూడా లేదు.
దీన్నీ ఎవరో కోసే ఉంటారు
ఇసకలోంచి, పలకలు పలకలుగా,
నాలాగే చెవుల్లో దూది పెట్టుకుని.

అన్నీ బిగించి మీట నొక్కితే
ఫ్యాను తిరిగింది.
తెర మాత్రం నల్లగా,
గెలాక్సీ పలకలాగే,
అప్పుడే వాలిన దుమ్ము
చుక్కలు చుక్కలుగా మెరుస్తూ.

ర్యామ్ సరిగా కూర్చోలేదు కాబోలు.
మళ్ళీ విప్పాలి.