అలుగు

కౌడర్స్‌పోర్ట్‌లో మూడు రోజులుగా ముసురు.
గరాజ్ బల్ల మీద పాత బనీను పరిచి
బాణాల అలుగులు ఒక్కొక్కటే విప్పుతున్నాను.

వానకంటే నెత్తురు చెడ్డది, అనేవాడు నాన్న,
దాన్లో ఉప్పుంది.
గోరువెచ్చని నీళ్ళు, అరిగిన పళ్ళ బ్రష్షు,
హెయిర్ డ్రయ్యర్, ఆ పైన
వాసన లేని వాజలీన్, పల్చగా,
పసిదాని పెదవికి రాసినట్టు.
నూనె వద్దు. నూనె వాసన
దుప్పికి అరమైలు ముందే కబురు.

తుడవకుండా వదిలేస్తే
అలుగు కూడా అలుగుతుంది.

పదకొండోది తమ్ముడిది.
ఆ కొమ్ముల దుప్పి ఎవరి బాణానికి పడిందని
మాటా మాటా పెరిగి, మర్విన్
ఉత్త చేత్తో దీన్ని ఊడబీకి
ఈ బల్ల మీదే విసిరికొట్టాడు.
నాలుగు వేటకాలాలు. మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

వాడి బొటనవేలి చెమట
ఉక్కు మీద తుప్పుగా తేలింది,
సుళ్ళు సుళ్ళుగా,
పత్రం మీద నిశానీ వేసినట్టు.

ఉక్కుపీచు అందుకున్నాను.
రెండు రుద్దులు చాలు.

పీచు పక్కన పెట్టి
ఆ ముద్ర మీదే వాజలీన్ రాశాను,
ఇంకా లోతుకి తినకుండా,
ఉన్నది చెరగకుండా.

డజనులో ఇంకొకటుంది.
బనీనులో పొడిచోటు వెతుక్కుంటున్నాను.