గడ్డి జరం

యాసంగి కోతైంది.
మిషను మడిల తిరుగుతాంటే
దాని ఎనుక నుంచి ఒక్కొక్కటే జారిపడ్డయి
నూట పన్నెండు కట్టలు,
కట్టకు ఇరవై ఎనిమిది రూపాయలు.
నీలం దారంతోని నడుము బిగిచ్చుకొని
ఎటో ఊరికి పోయేటందుకు తయారైనట్టు
కొయ్యకాళ్ల నడుమ కూసున్నయి.

నాకు కొట్టం లేదు.
ఉన్న నాలుగు రేకుల కింద రెండు బర్లు, ఒక దుడ్డె,
కాలిపోయిన మోటరు, వడ్ల సంచులు, నేను.
గడ్డి బయటనే ఉండాలె.

కట్టయ్యను పిలుసుకచ్చిన.
నెక్కొండ నుంచి మా చెరువు మత్తడి దాక
ఆయన పెట్టిన వామి తడిసిందని ఎవ్వలూ అనలే.
నడుమ ఎత్తు, అంచులు వాలు,
దూరం నుంచి చూస్తే
ఒంగి నాటేసే మనిషి వీపు లెక్క.
ఆరేండ్లాయె ఆయనను ఎవ్వలూ పిలువక.

కట్టల చుట్టూ ఒక్కసారి తిరిగి
తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు.
"నా పేరే కట్టయ్య గని బిడ్డా
గీ కట్టల సంగతి నాకు తెల్వది.
ఇడి గడ్డైతే చేతికి మాట్లాడుతది,
ఇది నోరు కట్టేసుకొని ఉన్నది."

అయినా పోలే.
కింద తాటి మొద్దులు పరిపిచ్చిండు.
"తల తడిస్తే ఎండకు ఆరుతది
కాళ్లు తడిస్తే గడ్డి బతకదు."
వరుసకు వరుసకు నడుమ
పిల్లి దూరేంత సందు ఇడిసిండు, గాలికి బాటని.

కప్పుటానికి కవరు కొనే పైసల్లేవు.
పోయిన సర్పంచ్ ఓట్లప్పటి ఫ్లెక్సీ ఉన్నది,
ఓడినాయనది,
దండం పెట్టుకుంట నవ్వుతాండు.
మొఖం పైకా, గడ్డి దిక్కా
కాసేపు నాకు తెగలే.
"పైకే పెట్టు.
మబ్బుకన్నా దండం పెట్టనీ" అన్నడు కట్టయ్య.

మబ్బు ఇనలే.
రెండోనాటి మాపటికే రాళ్లవాన.
మామిడికాయలు రాలి దర్వాజ ముంగట పొర్లినయి,
కొనుగోలు సెంటర్ల వడ్లు ఈదినయి,
తెల్లారి చూస్తే ఫ్లెక్సీ ఒక మూల లేసి
నవ్వు సగానికి చినిగి ఉన్నది.

నాలుగొద్దులకు కట్టయ్య మళ్ల వచ్చిండు.
కండ్లతోని చూడలే.
ఒక్కో కట్టల మోచెయ్యి దాక చెయ్యి దోపి
నాడి పట్టే మంత్రసాని లెక్క నిలవడ్డడు.
సల్లగ.
సల్లగ.
ఇది జర గోరెచ్చగ.
మూల మీది దాని కాడ చెయ్యి జప్పున గుంజుకున్నడు.
"దీనికి జరమచ్చింది.
ఇయ్యాల తియ్యకుంటె వామంత అంటుకుంటది.
నిప్పు బయటి నుంచే వస్తదనుకుంటరు అందరు."

కొడవలితోని దారం కోసిన.
కట్ట ఇప్పుకున్నది,
ఆవిరి, పులిసిన బెల్లం వాసన,
లోపల నల్లగ, మెత్తగ.
అందుల ఒక పాము కుబుసం,
సగం తెగిన చెప్పువారు,
మిషను ఇడిసిపెట్టిన గుప్పెడు వడ్లు
మొలకలొచ్చి, పాలిపోయి,
ఎటు పోవాల్నో తెల్వక
దారం చుట్టూతే పెరిగి ఉన్నయి.

నల్లగైంది పెంటకుప్ప మీదేసిన.
మిగిలింది ఎండల పరిసినం.
పొద్దూకెవరకు అది గలగలమన్నది.
అప్పుడు, నేను చాయ పెట్టి వచ్చేసరికి,
కట్టయ్య మోకాళ్ల మీద కూసొని
ఆ ఇడి గడ్డితోని చిన్న వామి పెట్టిండు,
నా నడుమంత ఎత్తు,
నడుమ ఎత్తు, అంచులు వాలు,
అరచేత దువ్వి దువ్వి.
పైసలియ్యబోతే తీసుకోలే. చాయ తాగిండు.
దుడ్డె వచ్చి ఒక దిక్కు నుంచి పీకవట్టింది,
దాన్ని గూడ అదిలియ్యలే.

ఇప్పుడు రోజూ పాలు పిండకముందు
నేనే కట్టలల్ల చెయ్యి పెట్టి చూస్త.
ఒక్కోనాడు
సల్లగున్నది గడ్డో, నా చెయ్యో తెల్వది.
చెంపకు ఒక్కసారి ఆనిచ్చుకొని
మళ్ల పెడత.