నలభై ఐదు రోజుల పద్దు

ఆనపకాయ తొక్కని ఏ పద్దు కింద రాయాలో
పన్నెండేళ్ల గుమాస్తాగిరీలో నాకెవరూ చెప్పలేదు.
రోడ్లకి గడి ఉంది, కాలవలకి ఉంది,
మాడిపోయిన వీధి బల్బుకీ ఓ గడి ఉంది.
తడి చెత్తకి మాత్రం
"ఇతరములు" అని రాసి
పక్కనో చిన్న గీత.

మూడు వార్డుల్లో నడుస్తున్న దాన్ని
ముప్పైకి పెంచాలట. కౌన్సిల్‌కి నోటు పెట్టాలట.
"వెళ్లి చూసి రాయవయ్యా" అన్నారు సూపర్నెంటు గారు,
ముందే ముక్కుకి రుమాలు కట్టుకున్న గొంతుతో.

కంచరపాలెం దాటాక, రైలు కట్ట పక్కన రేకుల షెడ్డు.
మే నెల.
ముంజికాయల డొల్లలు, పనస పెచ్చులు,
బీచిరోడ్డు తాగి పారేసిన బొండాలు,
పూర్ణా మార్కెట్లో అమ్ముడవని కొత్తిమీర,
ఏ కల్యాణమండపమో తినలేక వదిలేసిన పులిహోర
ఇంకా ఇంగువ వాసనేస్తూ,
తనకేమీ కానట్టు.

నూకరత్నం పార పక్కన పెట్టి వచ్చింది.
"కాయితాలేటి సూత్తావు బావూ,
సెయ్యెట్టు."

పెట్టాను, మోచేతి దాకా.
చురుక్కుమంది.
పొయ్యి లేదు, పొగ లేదు.
మా చిన్నదానికి డెంగ్యూ వచ్చిన రాత్రి
నుదుటి మీద చెయ్యేస్తే ఇలాగే...
కాదు, అది భయపు వేడి.
ఇది గంజి వార్చాక గిన్నె అడుగున ఉండే వేడి.
"పన్నెండో రోజిది" అంది,
కోడలి నెలలు లెక్క చెప్పినట్టు.
"నలబై అయిదుకి దిగుద్ది."

తర్వాత లెక్కలడిగాను, నా ఉద్యోగం అదే కనక.
మనుషులు తొమ్మిది. పారలు ఆరు.
జల్లెడ ఒకటి, చిరిగితే దోమతెర గుడ్డ కుట్టారు.
చేతి తొడుగులు జనవరిలో వచ్చాయి,
అన్నీ ఎడం చేతివే.
కుడి అరచేతి మీద తెల్లటి గీత చూపించింది:
సాంబారన్నంలో షేవింగు బ్లేడు.

"కవర్ల ముళ్లు ఇప్పడానికే
సగం పొద్దు ఎల్లిపోతాది బావూ.
ముడెయ్యకండని ఊరికి సెప్పాల.
దానికెంత రాత్తావు?"

పెన్ను ఆగింది.
ఆ పొద్దున్నే మా మెట్ల మీద
వాసన రాకూడదని
నేను బిగించిన రెండు ముళ్లు గుర్తొచ్చాయి.

నోటు రాశాను.
కాపులుప్పాడ దాకా లారీల డీజిలు ఆదా అని రాశాను,
వేడికి గడి లేదు కాబట్టి.
తొడుగులు కుడివి, ఎడమవి అని
విడివిడిగా రాశాను.

కౌన్సిల్లో ఒకాయన
మా కొండ మీదికి బండే ఎక్కదు, బుట్టలెందుకన్నాడు.
ఇంకొకాయన ఆ డబ్బుతో ఫౌంటెన్ అడిగాడు.
మధ్యాహ్నం భోజనం డబ్బాలొచ్చాయి.
సగం తిన్న పెరుగన్నాలు
నల్ల కవర్లలోకి వెళ్లాయి. ముళ్లు పడ్డాయి.
ఎనిమిది లెక్కపెట్టి వదిలేశాను.

మూడున్నరకి తేలింది:
ముప్పై కాదు, పదకొండు.
జల్లెళ్లు మార్చి తర్వాత.

చెప్పడానికి నేనే వెళ్లాను.
"మార్చంటే ఎన్ని కుప్పలు?"
వేళ్ల మీద లెక్కేసుకుంది. నవ్వలేదు, తిట్టలేదు.
"సరే, దోమతెరుందిలే" అని
పాత బియ్యం సంచిలో నల్లటి ఎరువు నింపి
నా చేతికిచ్చింది.

సిటీబస్సులో కండక్టరు సంచి కేసి చూశాడు.
"ఏటది?"
ఏమని చెప్పను?
వంగి వాసన చూశాడు.
"వానొచ్చినట్టుందే!" అంటూనే
లగేజీ టికెట్టు చింపాడు.
పది రూపాయలు.

ఊరు తినగా మిగిలినదానికి
ఒకడు అంకె వేసి ఇచ్చిన కాగితం
నా సర్వీసులో అదే మొదటిది.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
మలుపులో బస్సు ఒరిగినప్పుడు
సంచి కాళ్లకి ఆనింది.
చల్లగా ఉంది,
రోజులు నిండినట్టున్నాయి.